కుక్క చెవియు, ఇంటిలోని తీగలేని యంత్రములును

మన గ్రామములలో నేడు సెల్ ఫోను లేని ఇల్లు అరుదు. కొన్ని యిండ్లలో వైఫై పెట్టెయు, తీగ లేకుండ పాటలు వినిపించు స్పీకరు డబ్బాయు చేరినవి. పొలములోని బోరు మోటారును ఇంటి యరుగుమీద కూర్చుండియే ఫోనుతో నడపు స్టార్టరు వచ్చినది. గాదెగదిలో ఎలుకలను తోలునని చెప్పి యమ్ము చిన్న యంత్రము ప్లగ్గునకు తగిలింపబడుచున్నది. ఈ యంత్రములతోపాటు ఒక సందేహమును మన సభ్యులలో వ్యాపించుచున్నది. “ఈ తరంగములవలన మా కుక్క చెడినది, వసారాలో పండుకొనుట మానినది, మాటిమాటికి చెవులు విదిలించుచున్నది, రాత్రులు ఊరక మొఱుగుచున్నది, దీనికేమి చేయవలెను?” అని మమ్ము అడుగువారు పెక్కురు. మఱికొందఱు “అదియంతయు భ్రమ, కుక్కకేమి తెలియును?” అని కొట్టివేయుదురు. ఈ రెండు మాటలలోను కొంత నిజమును, కొంత పొరపాటును కలిసియున్నవి. వానిని వేఱుపఱచి చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విచారము రైతునకేల?

కుక్క రైతునకు విలాసవస్తువు కాదు. కళ్లములో ధాన్యపు రాశి యున్న దినములందును, గొఱ్ఱెలమంద చేలలో దిగిన రాత్రులందును, వేరుసెనగ పైరుపై అడవిపందులు పడు కాలమునందును జీతము లేని కావలివాడు అదియే. అట్టి జంతువు తన చోటు విడిచి వీధులవెంట తిరుగ నారంభించెనేని యజమానునకు నష్టము తప్పదు. ఇంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. నడవడి మాఱిన కుక్కను చూచి “పిచ్చి పట్టినది” అని కఱ్ఱలతో కొట్టి చంపుట కలదు. నిజముగనే పిచ్చి సోకిన కుక్కను చూచి “ఏదో యంత్రమునకు బెదరినది” అని ఇంటిలోనే యుంచుకొనినచో పిల్లల ప్రాణములకే ముప్పు వచ్చును. కావున కుక్క ప్రవర్తన మాఱినప్పుడు కారణమును సరిగా కనుగొనుట వేడుకకై చేయు విచారణ కాదు.

శబ్దము వేఱు, రేడియో తరంగము వేఱు

మొట్టమొదట తెలిసికొనవలసినది ఇది. శబ్దమనగా గాలియొక్క అదురు. గంటను కొట్టినపుడు కంచు అదరును. ఆ యదురు గాలికి తగులును. గాలి ఆ యదురును సెకనునకు సుమారు 340 మీటర్ల వేగముతో మోసికొనివచ్చి చెవిలోని పలుచని పొరను తాకును. ఆ పొర వెనుక మూడు చిన్న యెముకలును, వానికావల నత్తగుల్లవలె చుట్టుకొనియున్న నీటిగొట్టమును కలవు. ఆ నీటిలో సన్నని వెండ్రుకలవంటి కణములు అల్లాడినపుడు నరము మెదడునకు వార్తను పంపును. మనుష్యుని చెవియైనను కుక్కచెవియైనను పనిచేయు విధము ఒక్కటియే.

రేడియో తరంగము గాలియొక్క అదురు కాదు. అది విద్యుత్తునకును అయస్కాంతమునకును సంబంధించిన అలజడి. వెలుగు ఏ జాతిదో ఇదియు ఆ జాతిదే. దానికి గాలియే యక్కఱలేదు. సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. వైఫై పెట్టెయు, తీగలేని స్పీకరును వాడు తరంగము సెకనునకు సుమారు 240 కోట్లసార్లు ఊగును. కొన్ని వైఫై పెట్టెలలో 500 కోట్లకు మించియు ఊగును. ఈ యూపు చెవిపొరను కదలింపజాలదు. కుక్క చెవి మనకంటె చుఱుకైనది కావున రేడియో తరంగములను కూడ వినునని తలచుట, చూపు బాగుగానున్నవాడు వాసనను కూడ కన్నులతో చూచునని తలచుటవంటిది. ఆకాశవాణి ప్రసారములు మన పెంకుటిండ్లగుండ ఎన్నో యేండ్లుగ పోవుచునే యున్నవి. రేడియోపెట్టె వానిని పట్టి శబ్దముగ మార్చినపుడే మనకుగాని కుక్కకుగాని వినబడును.

దీనికి ఒక మినహాయింపును శాస్త్రజ్ఞులు ఎఱుగుదురు. 1961లో అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు ఆలన్ ఫ్రే, రాడారు తరంగపు దెబ్బలు తగులు చోట నిలిచిన మనుష్యులకు తలలో టిక్కుటిక్కుమను చప్పుడు తోచునని ప్రకటించెను. అతి స్వల్పకాలము మిక్కిలి బలముగ వచ్చు తరంగపు దెబ్బ తలలోని కణజాలమును ఇసుమంత వేడిచేయును. ఆ వేడికి అది ఉబ్బి లోపలనే ఒక చిన్న యదురు పుట్టించును. చెవి దానిని వినును. అయితే దీనికి రాడారువంటి యంత్రముల ప్రచండమైన బలము కావలెను. ఇంటి వైఫై పెట్టె సాధారణముగ పంపు రేడియో శక్తి ఒక వాటులో పదియవవంతు మాత్రమే. మన వసారాలో వెలుగు చిన్న ఎల్.ఇ.డి. బల్బు 9 వాట్లు తీసికొనును. ఈ రెంటిని పోల్చి చూచినచో విషయము బోధపడును.

శరీరముపై రేడియో తరంగములు చేయు పని రూఢిగ తెలిసినది వేడి పుట్టించుటయే. దూరము రెట్టింపైనచో బలము నాలుగవ వంతునకు తగ్గును. మన దేశములో 2012వ సంవత్సరమునుండి సెల్ టవరు తరంగముల బలమునకు అంతర్జాతీయ పరిమితిలో పదియవవంతే పరిమితిగ నిర్ణయింపబడినది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము రేడియో తరంగములను “హాని చేయవచ్చునేమో” అను తరగతిలో చేర్చిన మాటయు నిజమే. సాక్ష్యము కొద్దిగ మాత్రమే యున్నపుడు ఈ తరగతిలో చేర్తురు. జర్మనీలోని ఓల్డెన్‌బర్గు పట్టణమున జరిగిన పరిశోధనలో, పట్టణపు విద్యుద్యంత్రములనుండి వెడలు అలజడివలన ఒక వలసపిట్ట దిక్కు తెలిసికొనజాలకపోయినదని 2014లో ప్రకటించిరి. అది వైఫైకంటె మిక్కిలి తక్కువ ఊపుగల తరంగముల సంగతి. పక్షి దిక్కు నెఱుగుటకు సంబంధించినది. కుక్క వినికిడికి సంబంధించినది కాదు. కావున తరంగములవలన కుక్క చెవుడు పడునని చెప్పుటకు ఆధారము లేదు.

ఇంతవఱకు వినినవారు “అట్లయిన మా కుక్క బాధ అబద్ధమా?” అని యడుగవచ్చును. కాదు. యంత్రము పంపు తరంగము కుక్కకు వినబడదు. యంత్రము చేయు చప్పుడు మాత్రము వినబడవచ్చును. అసలు విషయమంతయు ఇచ్చటనే యున్నది.

కుక్క వినునది, మనము విననిది

గాలి సెకనునకు 20 సార్లు మొదలుకొని 20,000 సార్ల వఱకు అదరినచో మనుష్యుడు వినగలడు. అదియు పడుచువాని మాట. వయస్సు వచ్చినకొలది పైస్థాయి శబ్దములు మనకు వినబడుట మానును. కుక్కకు సుమారు 67 మొదలుకొని 45,000 వఱకు వినబడును. అనగా మన చెవికి నిశ్శబ్దమైన గది కుక్కకు నిశ్శబ్దము కాకపోవచ్చును. పిల్లి కుక్కను మించినది; 64,000 అదురులకు పైని కూడ వినును. ఎలుక యింకను పైకి పోయి సుమారు 80,000 వఱకు వినును. ఆవులు, ఎద్దులు సుమారు 35,000 వఱకును, గుఱ్ఱము 33,000 వఱకును వినును. కోడి మాత్రము మనకంటె తక్కువ. 10,000 దాటిన శబ్దము దానికి లేనట్లే.

ఈ సంగతి క్రొత్తది కాదు. 1876లో ఇంగ్లాండు దేశస్థుడు ఫ్రాన్సిస్ గాల్టన్ మనుష్యులకు వినబడని స్థాయిలో కూయు చిన్న యీల నొకదానిని చేసెను. దానిని చేతికఱ్ఱ కొనకు అమర్చి జంతువుల దగ్గఱ ఊది, ఏవి చెవులు నిక్కించునో చూచుచు తిరిగెడివాడు. నేటికిని కుక్కలకు నేర్పువారు వాడు ఈలకు మూలము అదియే.

కుక్కపిల్ల పుట్టినపుడు దాని చెవిదారి మూసికొనియుండును. సుమారు రెండు వారములకు తెఱచుకొనును. పెద్దకుక్క చెవిదొప్పను అనేక కండరములు త్రిప్పుచుండును. శబ్దము వచ్చు దిక్కునకు అది చెవిని త్రిప్పుట మన మందఱము చూచినదే. చెవులు రెండును ఒకే మూలకు త్రిప్పి నిలిచిన కుక్క, మనకు వినబడని దేనినో వినుచున్నదని గ్రహింపవలెను.

యంత్రములో చప్పుడు ఎట్లు పుట్టును?

మన యింటికి వచ్చు కరెంటు సెకనునకు 50 సార్లు అటునిటు తిరుగును. పూర్వపు బరువైన ట్రాన్సుఫార్మరు దీనికి రెట్టింపుగ, అనగా సెకనునకు 100 సార్లు అదరి “గుయ్”మనెడిది. ఇది అందఱకు వినబడు చప్పుడు. నేటి తేలికయగు ఛార్జర్లు వేఱు విధముగ పనిచేయును. అవి కరెంటును సెకనునకు పదులవేలసార్లు త్రుంచి త్రుంచి పంపును. అట్లు త్రుంచునపుడు లోపలి తీగచుట్టలును, బిళ్లలును ఆ లెక్క ప్రకారమే సన్నగా అదరును. మనుష్యునకు వినబడకుండుటకై చేయువారు ఈ లెక్కను 20,000కు పైననే యుంచుదురు. మనకది చాలును, కుక్కకు చాలదు. నాసిరకపు ఛార్జర్లలో తీగచుట్ట గట్టిగ బిగింపబడియుండదు; కావున చప్పుడు పెరుగును. ఫోను తీసివేసి ఛార్జరును గోడకే వదలినపుడు, పని తక్కువై, కొన్ని ఛార్జర్లు ఆగి ఆగి కరెంటు త్రుంచును. అప్పుడు “కీ”మను ధ్వని మన స్థాయిలోనికే దిగివచ్చును. రాత్రివేళ చెవి యానించి వినినవారికి ఇది తెలియును.

పూర్వపు లావుపాటి టెలివిజను పెట్టెలను జ్ఞాపకము చేసికొనుడు. వానిలో తెఱపై బొమ్మను గీయు భాగము సెకనునకు 15,625 సార్లు అదరెడిది. పిల్లలు ప్రక్కగదిలోనుండియే “టీవీ పెట్టినారు” అని కనిపెట్టుచుండగా పెద్దలకు ఏమియు వినబడెడిది కాదు. ఒక్క యింటిలోనే పిల్లవాని చెవికిని తాత చెవికిని ఇంత భేదముండగా కుక్క చెవి సంగతి చెప్పనేల?

తీగలేని యంత్రమే కుక్కచెవికి నేరుగ తగిలిన ఉదాహరణ మొకటి చరిత్రలో కలదు. 1956లో అమెరికాలో జెనిత్ కంపెనీకై రాబర్ట్ ఆడ్లర్ అను నాతడు, కూర్చున్న చోటినుండి టెలివిజనును మార్చుటకు ఒక చేతిపెట్టెను కల్పించెను. దానిలో బ్యాటరీ లేదు. మీట నొక్కగనే చిన్న సుత్తి అల్యూమినియపు కడ్డీని కొట్టును; ఆ కడ్డీ సెకనునకు సుమారు 40,000 సార్లు మ్రోగును. ఇంటివారికి మీట చప్పుడు తప్ప మఱేమియు వినబడదు. ఆ మ్రోత కుక్క వినగల హద్దులోనిది. తరువాత 1980 ప్రాంతమున కంటికి కానరాని వెలుగుతో పనిచేయు రిమోటులు వచ్చినవి. నేడు మన యిండ్లలో నున్నవి సామాన్యముగ అట్టివే. వానివలన చెవికి బాధ లేదు.

చప్పుడెంత సన్ననిదైనను దూరము పోదని కూడ తెలిసికొనవలెను. పైస్థాయి శబ్దము గాలిలో త్వరగ క్షీణించును. గోడ, తలుపు, దుప్పటి, సంచి దానిని అడ్డగించును. కావున ఛార్జరువలన బాధ కలిగినను అది ఆ గదికి, తఱచుగ ఆ మూలకు మాత్రమే పరిమితమై యుండును. కుక్కను పదియడుగులు దూరము జరిపినచో సగము చిక్కు తీరును.

మన మంతగ పట్టించుకొనని మఱియొక చప్పుడు కలదు. అది ఇన్వర్టరు, ఇండక్షను పొయ్యి, బ్యాటరీ అయిపోవుచున్న పరికరము వేయు “బీప్” అను కూత. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయమువారు 386 మంది కుక్కల యజమానులను ప్రశ్నించి, 62 చలనచిత్రములలో కుక్కల ప్రవర్తనను పరిశీలించి 2021లో తమ నిర్ణయములను ప్రకటించిరి. ఎడతెగక సాగు తగ్గుస్థాయి మ్రోతకంటె, ఆగి ఆగి వచ్చు పైస్థాయి కూతలే కుక్కలను ఎక్కువగ బాధించునని వారు తేల్చిరి. కుక్క భయపడుచున్నదను సంగతిని యజమానులు చాలవఱకు తక్కువగ అంచనా వేయుచున్నారనియు, కొందఱు దానిని చూచి నవ్వుకొనుచున్నారనియు తెలిపిరి. ఎప్పుడు వచ్చునో తెలియని కూతకు అలవాటుపడుట కష్టము.

ఎలుకలను తోలు యంత్రము

పై వానిలో శబ్దము అనుకోకుండ పుట్టునది. ఈ యంత్రములో శబ్దము కావలెననియే పుట్టింపబడును. ఎలుకలకు సహింపరాని పైస్థాయి శబ్దము వేసి వానిని పాఱద్రోలునని అమ్మువారు చెప్పుదురు. ఇవి సాధారణముగ 20,000 మొదలుకొని 60,000 అదురులవఱకు శబ్దము చేయును. ఇందులో 45,000 వఱకు కుక్కకు వినబడును. 35,000 వఱకు పశువులకును వినబడును. తోలదలచిన జంతువునకును కాపాడుకొనదలచిన జంతువునకును ఒక్కటే దండనమన్నమాట.

పోనీ, ఎలుకలైనను పోవునా యన్నచో అదియు సందేహమే. ఈ శబ్దము ధాన్యపు సంచిని దాటజాలదు. సంచుల వెనుక ఎలుక నిశ్చింతగ నుండును. మొదట బెదరినను కొలది దినములలో అలవాటుపడును. 2001లో అమెరికా దేశపు వర్తక వ్యవహారముల సంఘము, ఇట్టి యంత్రములు చేయువారికిని అమ్మువారికిని 60 మందికి పైగా హెచ్చరిక జాబులు వ్రాసి, తాము చెప్పు గుణములకు శాస్త్రీయమైన ఆధారము చూపవలెనని కోరెను.

మా యెఱుకలోని యొక గ్రామమున జరిగిన సంగతి చెప్పెదము. ఒక సభ్యుని కుక్క యేండ్లతరబడి వసారాలో పండుకొనునది. అది యకస్మాత్తుగ అచ్చటికి వచ్చుట మాని గడ్డివామి క్రింద చేరెను. రాత్రి కావలి తప్పినందున కొన్ని కోళ్లు అడవిపిల్లి పాలయ్యెను. ఊరివారు దీనికి కారణము క్రొత్తగా లేచిన సెల్ టవరని నిశ్చయించి అర్జీ వ్రాయుటకు సిద్ధపడిరి. విచారింపగా, వసారా గోడను ఆనుకొనియున్న గాదెగదిలో ఆ వారమే ఎలుకల యంత్రము పెట్టినట్లును, ఆ గది కిటికీ వసారాలోనికే తెఱచియున్నట్లును తెలిసినది. యంత్రము తీసిన మూడవనాటి సాయంకాలమునకు కుక్క తన చోటికి వచ్చినది. తిరిగి ప్లగ్గు పెట్టగా ఆ పూటనే లేచిపోయినది. టవరు ఎచ్చటనున్నదో అచ్చటనే యున్నది. గదిలోని ఎలుక కలుగులును అట్లే యున్నవి.

ధాన్యమును కాపాడుకొనుటకు పాత మార్గములే మేలు: సంచులను నేలపై వేయక, గోడకు తగులనీయక, బల్లలపై పేర్చుట, గాదె కాళ్లకు బోర్లించిన గరాటువంటి రేకు తొడుగులు వేయుట, కలుగులను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చుట, బోనులు పెట్టుట. ఎలుకమందు, ముఖ్యముగ జింకు ఫాస్ఫైడు పెట్టువారు, అది కుక్కకు కూడ ప్రాణాంతకమని మఱవరాదు. చచ్చిన ఎలుకను వెంటనే పూడ్చవలెను.

పెద్దశబ్దము

వినబడని శబ్దము గుఱించి ఇంత విచారించుచు, అందఱకు వినబడు శబ్దమును మఱచుట తగదు. కుక్క వినికిడిని నిజముగ పాడుచేయునది పెద్దశబ్దమే. చెవిలోని సన్నని కణములు ఒకసారి చచ్చినచో కుక్కలోగాని మనుష్యునిలోగాని తిరిగి మొలవవు. అమెరికాలో, మొఱుగు కుక్కలతో నిండిన దొడ్లలో ఆఱు నెలలుంచిన కుక్కలకు వినికిడి తగ్గినదని 2012లో ప్రకటించిరి. పెండ్లిండ్లలోను, ఉత్సవములలోను వేయు డీజే పెట్టెలప్రక్క కుక్కను కట్టివేయుట, తీగలేని స్పీకరును దాని పడకయొద్ద పెట్టి గట్టిగ మ్రోగించుట, వైఫైకంటె ఎన్నో రెట్లు హాని. మన దేశపు 2000 సంవత్సరపు శబ్దనియమముల ప్రకారము నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు మించరాదు. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవఱకు బయట మైకులు వేయరాదు. నాలుగు మీటర్ల దూరమున 125 డెసిబెల్సు మించి ప్రేలు టపాకాయలను చేయుటయు అమ్ముటయు నిషిద్ధము. దీపావళినాడు కుక్కను గొలుసు విప్పి, తలుపులు మూసిన లోపలిగదిలో నుంచుట మేలు. కట్టివేసినచో పారిపోజాలక ఎక్కువ బెదరును.

ముందు చెవిని చూడుడు

తల విదిలించుట, చెవి గోకికొనుట, తల ఒక ప్రక్కకు వంచుట చూచి యంత్రమును నిందింపకముందు చెవిలోనికి చూడవలెను. చెవిలో పిడుదులుండవచ్చును, కంటికి సరిగ నానని పురుగులవలన నల్లని మడ్డి పేరుకొనవచ్చును, గడ్డిముల్లు గ్రుచ్చుకొనవచ్చును, చీము పట్టి దుర్వాసన కొట్టవచ్చును. కుక్క చెవిదారి క్రిందికి దిగి లోపలికి మడత తిరిగియుండును గనుక తడియు మడ్డియు లోపల నిలిచిపోవును. కాచిన నూనె, కిరసనాయిలు, ఆకుపసరు పోయరాదు. మనుష్యులకై కొన్న చుక్కలమందును వేయరాదు. చెవిపొర చిల్లిపడి యున్నపుడు జెంటామైసిన్‌వంటి మందు చెవుడునకే కారణము కావచ్చును. పశువైద్యునకు చూపవలెను.

ముసలికుక్కకు వినికిడి తగ్గుట సహజము. ముందుగా పోవునది పైస్థాయి శబ్దములే. పిలిచిన పలుకకున్నది యని కొట్టకుడు. దాని వెనుక నిలిచి, కాలి యదురుగాని గాలిగాని తగులకుండ, ఒక తాళపుచెవుల గుత్తిని కదలింపుడు. చెవి త్రిప్పనిచో వినికిడి తగ్గినదని యెంచి చేతిసైగతో పిలుచుట నేర్పుడు.

మఱియొక హెచ్చరిక. శబ్దమునకు, వెలుగునకు ఉలికిపడుట, చొంగ కార్చుట, గొంతు మాఱుట, మింగజాలకపోవుట, కారణము లేక కఱవ వచ్చుట పిచ్చికుక్క లక్షణములు. అట్టి కుక్కను ముట్టక, పిల్లలను దూరముంచి, పశువైద్యునకు కబురు పంపవలెను. కఱచినచో గాయమును సబ్బుతో, పాఱునీటితో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలెను. పెంపుడుకుక్కకు ఏటేట టీకా వేయించినవానికి ఈ భయము చాలవఱకు తగ్గును.

ఇంటిలోనే పరీక్షించు విధము

ఎరువు మంచిదో కాదో తేల్చుటకు మనము ఒకే చేనిలో రెండు మళ్లు గీచి, ఒకదానికి వేసి రెండవదానికి వేయక పోల్చుదుము గదా. కుక్క విషయమునను అట్లే చేయవలెను. చెవిరోగము లేదని తేలిన తరువాత ఈ క్రమమును పాటింపుడు.

1. అనుమానము గల యంత్రములలో ఒక్కదానినే తీసికొనుడు. అన్నిటిని ఒకేసారి తీసివేసినచో ఏది కారణమో తెలియదు.

2. నాలుగు దినములు యంత్రమును ఎప్పటివలెనే యుంచుడు. నాలుగు దినములు ప్లగ్గునుండి పూర్తిగ తీసివేయుడు. మరల నాలుగు దినములు పెట్టుడు. కుక్క ఎచ్చట పండుకొన్నదో, ఎన్నిసార్లు లేచినదో, ఆ గదిలో అన్నము తిన్నదో లేదో వ్రాసికొనుడు. ఆవులింతలు, పెదవులు నాకికొనుట, చెవులు వెనుకకు వాల్చుట, తోక కాళ్లసందున పెట్టుట, రొప్పుట, మూలలలో దూరుట ఇవి భయచిహ్నములు.

3. ప్లగ్గు తీయువారొకరు, వ్రాయువారొకరుగ నుండుట మంచిది. వ్రాయువానికి ఆ దినమున యంత్రము నడుచుచున్నదో లేదో తెలియకున్నచో పక్షపాతము రాదు.

4. వైఫై పెట్టెను పరీక్షించునపుడు, కరెంటు ఉండగనే వైఫైని మాత్రము ఆపు మీట యున్నచో మొదట దానిని వాడుడు. తరంగము ఆగినను కుక్క బాధ తగ్గక, ప్లగ్గు తీసిన పిమ్మట తగ్గెనేని, దోషము తరంగమునది కాదు; పెట్టె చప్పుడుది, లేదా ఛార్జరు చప్పుడుది. ఛార్జరును మార్చి చూడుడు.

5. పదియేండ్లలోపు పిల్లవానిని పిలిచి, రాత్రి నిశ్శబ్దములో యంత్రముదగ్గఱ నిలువబెట్టి వినుమనుడు. వానికి “కీ”మను ధ్వని వినబడెనేని కుక్కకు తప్పక వినబడును. పిల్లవానికి వినబడకున్నంతమాత్రమున చప్పుడు లేదని యెంచరాదు. ఫోనులోని శబ్దమాపక యంత్రములును సాధారణముగ 20,000 ప్రాంతముననే ఆగిపోవును. ఆపై వానికిని చెవుడే.

సభ్యులు పాటింపదగిన సంగతులు

వైఫై పెట్టెను, ఛార్జర్లను కుక్క పండుకొను చోటికి దూరముగ, గోడపై ఎత్తున పెట్టవలెను. పని లేని ఛార్జరును గోడనుండి తీయవలెను. కరెంటును కొంత మిగులును. ముద్ర లేని చవుక ఛార్జరు కొనరాదు. బీప్‌మను పరికరపు బ్యాటరీని నాడే మార్చవలెను. పొలములోని మోటారు స్టార్టరు డబ్బాయొద్ద కుక్కను కట్టివేయరాదు. మొఱుగకుండుటకై కుక్క మెడకు కట్టు కరెంటుపట్టీలను కొనరాదు. వేల్సు దేశము అట్టివానిని 2010లోనే నిషేధించినది. మొఱుగుటకై పెంచిన కుక్కను మొఱుగనందులకు కట్టడిచేయుటలో అర్థము లేదు.

ఏ చోట పెట్టినను కుక్కకు లేచిపోవుటకు దారి యుండవలెను. గొలుసుతో కట్టబడి యొక చోటనే శబ్దము వినవలసిన కుక్కకును, ఇష్టము లేనిచో లేచి పోగల కుక్కకును బాధలో మిక్కిలి భేదము కలదు. పశువుల సావడియొద్ద ఎలుకల యంత్రము పెట్టినవారు ఆవుల పాలకొలతను, మేతను కూడ ఇదే పద్ధతిని పరీక్షించి చూచుకొనవలెను.

సంఘపు గోదాములకు ఎలుకల యంత్రములు అమ్మవచ్చువారిని, పది దినములు ఉంచి చూచి పనికిరానిచో సొమ్ము తిరిగి యిచ్చునట్లు కాగితము వ్రాసి యిమ్మని పంచాయతుదారులు అడుగవలెను. అట్లు వ్రాయనివారివద్ద కొనకుండుటయే మంచిది. పైని చెప్పిన పరీక్షను చేసిన సభ్యులు తాము వ్రాసికొన్న కాగితమును వచ్చే నెల సమావేశమునకు తెచ్చినచో, ఏ యంత్రము ఏ యింటిలో ఎట్లు నడచినదో అందఱము కలిసి పోల్చి చూచుకొందము.